చీటియు, చిత్తమును

కోహీరు పేరు వినగానే తెలంగాణమున చాలమందికి జామపండు జ్ఞప్తికి వచ్చును. ఎఱ్ఱనేలలో పెరిగిన ఆ పండు చలికాలమున బుట్టల కెక్కి పట్టణములకు పోవుచుండును. చరిత్ర చదివినవారికి బహమనీ సుల్తానుల నాటి మసీదు, దర్గాలు స్ఫురించును. వికారాబాదునుండి బీదరునకు పోవు రైలుమార్గముమీద కోహీర్ దక్కన్ అను స్టేషను కలదు. 1956 వరకు జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలోనిదే. అందుచే ఇచ్చటి మాటలో తెలుగు, ఉర్దూ, కన్నడము ఒకే సంతలోని సరకులవలె కలసిపోయినవి. ఈ సీమ పల్లెలలో మెతడిస్టు క్రైస్తవ సంఘములును అనేకము కలవు. వికారాబాదు సమీపమున ధారూరులో ఏటేట జరుగు క్రైస్తవోత్సవమునకు ఈ పల్లెల జనము మూటాముల్లెతో తరలిపోయి, గుడారములు వేసికొని దినముల తరబడి ఉందురు. దానిని వారు జాతర యనియే పిలుతురు. పేరు పాతది, పూజ క్రొత్తది; ఆ రెంటికిని వారి మనస్సులలో పొరపొచ్చెము లేదు.

డిసెంబరు 31వ తేది రాత్రి ఈ పల్లెల క్రైస్తవులు ఇండ్లలో నిద్రింపరు. చర్చి నిండును. పాటలు, సాక్ష్యములు, ప్రసంగము ముగియును. పండ్రెండు కొట్టగానే గంట మ్రోగును. తొలి ప్రార్థన అయిన పిదప పళ్ళెములో బోర్లించిన చిన్న చీటీలు వచ్చును. ఒక్కొక్క చీటిపై బైబిలులోని ఒక్కొక్క వాక్యము ముద్రింపబడి యుండును. వాగ్దానపు కార్డు అని దానికి పేరు. తెలుగు క్రైస్తవులలో ఈ ఆచారము ఒక్క కోహీరు ప్రాంతమునకే పరిమితము కాదు. సముద్రతీరము మొదలు దక్కను పీఠభూమి వరకు అన్ని శాఖల సంఘములలోను కాననగును. కార్డు తీసినవారు దీపము క్రింద నిలిచి చదువుకొందురు. చదువురాని ముదుసలి మనుమరాలిచేత చదివించుకొనును. ఒకటికి రెండుమార్లు చదివించుకొని, దానిని మడచి కొంగున ముడివేసికొనును.

ఆ ముడిలో ఏమున్నదో అడిగినచో ఒక్కొక్కరు ఒక్కొక్క సంగతి చెప్పుదురు. ఎండిన బావి ప్రక్కన బోరు వేయింపవచ్చునా, అప్పు మిగులునా? పిల్లను బీదరు సంబంధమున కిచ్చుటయా, మరియొక సంవత్సరము చదివించుటయా? కొడుకును పటాన్‌చెరువు ఫ్యాక్టరీలకు పంపుటయా, ఉన్న రెండెకరములలో నిలుపుకొనుటయా? ఈ ప్రశ్నలు చిన్నవి కావు. ఒక్కొక్క దానిమీద ఒక కుటుంబపు పదేండ్ల జీవితము ఆధారపడి యుండును. 'దేవుని చిత్తమేదో తెలిసిన బాగుండును' అని వారనునప్పుడు ఆ మాటలో వేదాంతముకంటె భయము ఎక్కువ. ఆ భయమును చులకన చేయువానికి దక్కను మెట్టసేద్యము తెలియదనియే చెప్పవలెను.

'చిత్తము' అను మాటనే ఒక్కింత చూడవలసియున్నది. సంస్కృతమున చిత్తమనగా మనస్సు. తెలుగువారు ఆ మాటను దర్బారులోనికి కొనిపోయిరి. ప్రభువు ఆజ్ఞ ఇచ్చినప్పుడు సేవకుడు చేతులు కట్టుకొని 'చిత్తము' అనును. అనగా, తమ మనస్సులో ఉన్నట్లే జరుగునని. రాజుగారు మహజరును 'చిత్తగింతురు'. ఈ విధముగా ఒకరి మనస్సును తెలుపు మాట మరియొకరి సమ్మతిని తెలుపు మాట యైనది. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన మిషనరీలు క్రానును, డెగ్రాంజెసును, ఆనందరాయరు అను పండితుని సాహాయ్యముతో బైబిలు తెనుగుసేతకు పూనుకొన్నారు. అటుపిమ్మట పలువురి చేతులమీదుగా ఆ పని సాగినది. నేడు తెలుగు బైబిలు చదువువారికి దైవసంకల్పమునకు పేరు చిత్తమే. ఇంతకంటె చక్కని మాట దొరకదు గాని, దీనిలో ఒక చిక్కు కలదు. దర్బారులో చిత్తమన్నవానికి ప్రశ్నించు హక్కు లేదు. ఆ అలవాటు భక్తిలోనికి వచ్చినచో, జరిగిన ప్రతిదానికిని చిత్తమని తల వంచుటయే భక్తి యనిపించును.

అట్లు తల వంచుట ఎంతవరకు పోవునో పల్లె శ్మశానములలో చూడవచ్చును. వైద్యము సకాలమున అందక పసిబిడ్డ పోయినప్పుడు, పరామర్శకు వచ్చినవారు తల్లితో, 'దేవుని చిత్తమమ్మా' అందురు. వారి ఉద్దేశము ఓదార్పే. కాని ఆ మాటతో ఆసుపత్రికి దారి లేకపోవుటయు, రాని వాహనమును, చేతిలో లేని డబ్బును ఒక్కసారిగా మాయమై, లెక్క అంతయు దేవుని ఖాతాలో పడును. తలవ్రాత అన్న పాతమాటకును, చిత్తమన్న క్రొత్తమాటకును అప్పుడు భేదమేమున్నది? గెత్సేమనె తోటలో క్రీస్తు చేసిన ప్రార్థనను క్రైస్తవులందరును ఎరుగుదురు. ఆయన కూడ తండ్రి చిత్తమునకు లోబడెను. కాని అంతకు ముందు ఆ గిన్నె తన్ను దాటిపోవలెనని తన కోరికను దాచక చెప్పుకొనెను. ఆ మొదటి సగమును మరచి రెండవ సగమును మాత్రమే బోధించు ప్రసంగములు తక్కువ కాదు.

చీటీ తీయుట, గ్రంథము తెఱచి చూచుట అను పద్ధతులు క్రైస్తవులు క్రొత్తగా కనిపెట్టినవి కావు. సోదె చెప్పించుకొనుట, ఉగాదినాడు పంచాంగము వినుట తెలుగునాట ఇంటింటి సంగతులే. కోహీరు దర్గాల నీడన పెరిగిన పారసీక సంప్రదాయములోను హాఫిజు కవి దివానును తెఱచి ఫలము చూచుట కలదు. ఆ హాఫిజును బహమనీ సుల్తాను తన ఆస్థానమునకు పిలిపించెననియు, కవి ఓడ ఎక్కిన పిదప తుపాను రేగగా దిగిపోయి వెనుకకు మరలెననియు ఫిరిష్తా చెప్పిన కథ ప్రసిద్ధము. తన ప్రయాణమునకు తన గ్రంథమునే తెఱచి చూచుకొన్నాడో లేదో ఆ చరిత్రకారుడు చెప్పలేదు. క్రైస్తవులలో 386లో మిలాను నగరపు తోటలో అగస్టీను పౌలు లేఖను తెఱచి, కనుల కగపడిన వాక్యముతో జీవితమును మార్చుకొన్న ఉదంతము కలదు. యూదా స్థానమున మరియొక అపొస్తలుని నియమించుటకు శిష్యులు చీట్లు వేసిరని బైబిలులోనే ఉన్నది.

అన్నిటికంటె చిత్రము, మెతడిస్టు మతశాఖకు మూలపురుషుడైన జాన్ వెస్లీయే చీట్లు వేసినవాడు. 1737లో అతడు అమెరికాలోని జార్జియా వలసలో మతాచార్యుడుగా నుండెను. సోఫియా హాప్కీ అను యువతిని పెండ్లియాడవలెనా, వద్దా యని అతనికి మనస్సు తెగలేదు. ఆ మార్చి నెలలో మూడు చీట్లు వ్రాసిరి. పెండ్లి చేసికొమ్మని ఒకటి. ఈ సంవత్సరము ఆ ఊసు వద్దని రెండవది. ఇక ఎన్నడును ఆ తలపే వద్దని మూడవది. అతని మిత్రుడు డెలమాటు చీటి తీసెను. వచ్చినది మూడవది. వెస్లీ దానిని దైవాజ్ఞగా శిరసావహించెను. కొలది దినములలో ఆ కన్య విలియమ్సన్ అను మరియొకనిని వివాహమాడెను.

కథ ఇంతటితో ముగిసినచో చీటి గెలిచినదనవచ్చును. కాని చీటి ఆజ్ఞాపించినను మనస్సు వినలేదు. కొన్ని నెలల పిదప వెస్లీ ఆమెకు ప్రభుభోజన సంస్కారము నిరాకరించెను. నియమము ననుసరించియే నిరాకరించితినని అతడు చెప్పెను; వైరముచే నిరాకరించెనని ఊరు చెప్పుకొనెను. వ్యవహారము న్యాయస్థానమున కెక్కెను. ఆ సంవత్సరాంతమున అతడు జార్జియా విడిచి ఇంగ్లండునకు పోయెను. చీటి ఒక ప్రశ్నకు సమాధాన మిచ్చినది. దాని వెనుకనున్న మనిషిని మాత్రము ఏమియు మార్చలేదు.

వెస్లీ ఆ అలవాటును వెంటనే మానలేదు. మొరేవియను భక్తులలో చీట్లు వేయుట ఆచారము; వారి సహవాసమున 1739లో కూడ అతడు కొన్ని ముఖ్యవిషయములలో చీట్లను ఆశ్రయించెను. అయినను 1750లో ప్రచురించిన ఒక ప్రసంగములో అతని స్వరము వేరు. మతావేశ స్వభావమును విమర్శించు ప్రసంగమది. స్వప్నములచేతను, దర్శనములచేతను, ఉన్నట్టుండి మనస్సునకు తట్టిన తోపుల చేతను దైవచిత్తము తెలియునని ఎదురుచూచుట సామాన్య మార్గము కాదని అతడు చెప్పెను. మనుష్యుడు పరిశుద్ధుడు కావలెననియు, శక్తికొలది మేలు చేయవలెననియు దేవుని సాధారణ చిత్తము గ్రంథమున స్పష్టముగా ఉన్నది. ఎదుట రెండు దారులు కనబడినపుడు, ఏ దారిలో తాను మంచివాడగునో, ఏ దారిలో పరులకు మిక్కిలి ఉపయోగపడునో అనుభవముతోను, వివేకముతోను తూచి చూడవలెను. ఆత్మసాహాయ్యము ఆ తూచుటలోనే కలదు. దైవచిత్త మేదియని అడుగుటకు బదులు, దేనివలన మేలెక్కువ యని అడిగినచో మాట సూటిగా నుండునని కూడ అతడు సూచించెను. యౌవనమున మూడు చీట్ల ముందు నిలిచినవాడు నడివయస్సున చెప్పిన మాట యిది. కోహీరు మెతడిస్టులలో ఎందరికి ఈ ప్రసంగము తెలియునో కాని, కార్డులు పంచు రాత్రి ఒక్కసారి దీనిని చదివి వినిపించినచో బాగుండును.

అయినంతమాత్రమున, తెఱచిన గ్రంథములో మార్గము దొరికినదని చెప్పినవారందరును భ్రమపడినవారని కొట్టివేయరాదు. తెలుగుదేశమున ఇట్టి ఉదంతములలో ఎన్నదగినది ఒంగోలులో జరిగినది.

ఎవరెట్ క్లౌ అను అమెరికను బాప్టిస్టు మిషనరీ 1866లో ఒంగోలు చేరెను. జనులు అతనిని క్లౌ దొర యనిరి. అంతకుముందు నెల్లూరు కేంద్రముగా ఆ మిషను పావు శతాబ్దము పనిచేసినను కూడిన జనము స్వల్పము. 1854 జనవరి 1వ తేది తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్టు దంపతులు కొందరు తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించిన సంగతిని అచ్చటి క్రైస్తవులు నేటికిని చెప్పుకొందురు. క్లౌ వచ్చిన క్రొత్తలో పట్టణములోని అగ్రకులముల పెద్దలు అతనియెడ ఆదరము చూపిరి. తమ పిల్లలను అతని పాఠశాలకు పంపిరి. ఆ ఆదరము విలువ మిషనరీకి తెలియును. పెద్దకులముల వారు ముందు కదలినచో తక్కినవారు వెనుక వచ్చెదరని నాడు చాలమంది మిషనరీల ఆశ.

ఇంతలో యెర్రగుంట్ల పేరయ్య వచ్చెను. అతడు తాళ్ళకొండపాడు గ్రామవాసి, మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారి, రాజయోగము నభ్యసించి సత్యాన్వేషణలో తిరిగినవాడు. అతడు క్రైస్తవుడై తన వారికి బోధింపగా 1867 జనవరిలో ఆ ఊరిలో 28 మంది బాప్తిస్మము పొందిరి. పట్టణమున పెద్దలకు ఈ వార్త రుచింపలేదు. వీరిని చేర్చుకొన్నచో తాము రామని కబురంపిరి. ఇరువురిని ఒకే ఇంట ఉంచుట నాటి సంఘములో అసంభవము. ఎవరిని విడుచుట?

క్లౌ తన గదిలోనికి పోయి ప్రార్థించెను. మూలనున్న క్రొత్త బైబిళ్ళలో ఒకటి చేతికి తీసికొనగా అది ఒక పుటవద్ద తెఱచుకొనెను. పౌలు కొరింథు సంఘమునకు వ్రాసిన మొదటి లేఖలోని తొలి అధ్యాయపు చివరి భాగమది. లోకదృష్టిలో జ్ఞానులు, బలవంతులు, ఘనవంశజులు పెక్కుమంది పిలువబడలేదనియు, నీచులుగా తృణీకరింపబడినవారిని దేవుడు ఏర్పరచుకొనెననియు దాని తాత్పర్యము. అతడు భార్యయొద్దకు పోయి చెప్పబోగా, వేరొక గదిలో ఆమెయు అదే సమయమున ఆ భాగమునే చదివినట్లు తెలిసెను. క్లౌ ఆత్మకథ అతని మరణానంతరము 1914లో అతని రెండవ భార్య ఎమ్మా రౌషన్‌బుష్ సంతరింపగా వెలువడినది. ఈ వృత్తాంతము దానిలో కలదు.

ఇది కాకతాళీయమని సందేహించువారు సందేహింపవచ్చును. ఆ పుటల కలయికయే ఇచ్చట ముఖ్యము కాదు. బోరు వేయవలెనని ముందే నిశ్చయించుకొన్న రైతునకు నీటియూటల వాక్యము దొరికినచో అది ఆజ్ఞవలెనే తోచును. అప్పు మాట వచ్చిన కార్డు దొరికినచో అది తనది కాదనిపించును. మన కోరికకు తోడుపోవు సూచనను నమ్ముట తేలిక. క్లౌకు దొరికిన వాక్యము అతని ఆశకు ఎదురు నిలిచినది. దానిని అంగీకరించినందుకు అతడు చెల్లించిన మూల్యము కనబడుచునే యున్నది. పెద్దలు పిల్లలను మానిపించిరి. ఆదరము పోయెను. పట్టణములో ఉన్నతస్థాన మందుకొనవలసిన మిషను పల్లెల చివరి వాడలలో కాలు పెట్టెను. అట్లని అది యంతయు త్యాగగాథ యనుట కూడ సరికాదు. పేరయ్య అంతకు ముందే ఊరూర తిరిగి నేల దున్నియుంచెను. గ్రంథము తెఱచుకొననిచో క్లౌ ఏమి చేసియుండునో చెప్పలేము గాని, పేరయ్య మాత్రము ఆగియుండెడివాడు కాడు.

క్లౌ జీవితములో దీనికంటె కఠినమైన పరీక్ష వేరొకటి వచ్చినది. దానికి ఏ పుటయు తెఱచుకొనలేదు.

1876-78 నాటి ధాత కరవు మదరాసు రాజధానిని ఎండగట్టినది. బకింగ్‌హాం కాలువ త్రవ్వకమును ప్రభుత్వము కరవు పనిగా చేపట్టెను. క్లౌ యౌవనమున అమెరికాలో భూమి సర్వే చేసినవాడు, లెక్క తెలిసినవాడు. అతడు ఆ కాలువలో మూడు మైళ్ళకు పైబడిన భాగమును కంట్రాక్టు తీసికొనెను. ఆకలిగొన్న జనము వేలకొలది వచ్చి పని చేసెను. అతని బోధకులు మేస్త్రీలైరి. పగలు తట్టలు లెక్కించుట, పని ఆగినపుడు జనముతో కూర్చుండి మాటాడుట వారి దినచర్య. కూలి నిర్ణయించిన ప్రకారము ముట్టెను. గడ్డపార పట్టిన చేతులకు కులము అడ్డురాలేదు. ఆకలి దానిని కొన్ని నెలలపాటు ప్రక్కకు నెట్టెను.

ఆ గుడారములలో వేలమంది తమకు బాప్తిస్మ మిమ్మని అడిగిరి. సామాన్యుడైన మిషనరీకి ఇంతకంటె స్పష్టమైన దైవచిత్తము ఉండునా? పావు శతాబ్దము గొడ్డుపోయిన పొలము ఒక్కసారి పండి ముందు నిలిచినది. క్లౌ కాదనెను. చేతిలో కూలి డబ్బులు, కరవు సాహాయ్యపు సొమ్ము ఉన్నంతకాలము ఎవరికిని బాప్తిస్మ మీయనని నిశ్చయించెను. అన్నము కొఱకు వచ్చినారో, ఆత్మ కొఱకు వచ్చినారో వారికే తెలియని కాలములో వారి చేత ఒట్టు పెట్టించుకొనుట తప్పని అతని భావము. పదునైదు నెలలు అట్లు గడచెను. ఈలోగా ఎందరో అడిగి, కాదనిపించుకొని, మరణించిరి. వారి సంగతి తలచినప్పుడు ఆ నిశ్చయము ఎంత బరువైనదో తెలియును. నాడు అతనిని తప్పుపట్టదలచినవారికి మాట లేకపోలేదు.

1878 వేసవి చివర కరవు పని ముగిసెను. సొమ్ము అయిపోయినదని, ఇక నేమియు నీయలేమని చాటించిన పిదప గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లివద్ద బోధకులను మాత్రమే రమ్మనిరి. జనము ఆగలేదు. తమకు డబ్బు వద్దనిరి. తమవారు పోయిరి, తామును పోవుదుమేమో, ఇప్పుడైనను చేర్చుకొనుడనిరి. ఒక్కొక్కరిని విచారించిన మీదట జూలై 2వ తేది 614 మందికి, 3వ తేది 2,222 మందికి, 4వ తేది 700 మందికి ఆ నదిలో బాప్తిస్మ మిచ్చిరి. ఆరుగురు దేశీయ బోధకులు ఇద్దరిద్దరుగా నీటిలోనికి దిగి, అలసినపుడు మార్చుకొనుచు ఉదయమునుండి సాయంకాలమువరకు పని నడపిరి. మిషను చరిత్రలలో 2,222 అను అంకె పెద్ద అక్షరములలో కనబడును. అంతకు ముందటి పదునైదు నెలల నిరీక్షణము చిన్న అక్షరములలో దాగును.

తెలంగాణములోనే దీనికి సాటిగా మెదకు కలదు. పోస్నెట్ దొర కరవుకాలమున జనులకు అన్నము పెట్టుచు పని చూపి 1914లో ఆరంభించిన దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైనది. ధర్మముగా గింజలు పంచక పని కల్పించుట అచ్చట కూడ కానవచ్చును. ఆ మెదకు సంఘము బ్రిటిషు మెతడిస్టులది. 1947 సెప్టెంబరు 27న అది దక్షిణ ఇండియా సంఘములో కలసినది. కోహీరు, జహీరాబాదుల వారు అమెరికను మెతడిస్టు శాఖవారు గనుక కలియక వేరుగా ఉండి, 1981లో భారత మెతడిస్టు సంఘముగా స్వతంత్రులైరి. కలిసినవారును ప్రార్థించియే కలిసిరి, కలియనివారును ప్రార్థించియే ఆగిరి. ఒకే గురువు శిష్యులు ఒకే ప్రార్థనకు రెండు సమాధానములు పొందిరనుకొనవలెనా? పెద్దలు దీనిని గూర్చి మాటాడనే మాటాడరు. పెండ్లిండ్లు మాత్రము అటు నిటు జరుగుచునే యున్నవి.

నేడు కోహీరు పరిసరములలో ఒక్క ప్రశ్న తక్కినవానికంటె గట్టిది. అది బోరును గూర్చి కాదు, పెండ్లిని గూర్చి కాదు. ఒక ధరఖాస్తులోని గడిని గూర్చి.

1950లో రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులముల జాబితాను నిర్ణయించినపుడు హిందూమతమును అవలంబించువారికే ఆ గుర్తింపు దక్కునని చెప్పినది. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును దానిని విస్తరించిరి. క్రైస్తవులకు విస్తరింపలేదు. షెడ్యూల్డు కులమునుండి క్రైస్తవులైనవారిని తెలుగు రాష్ట్రములలో వెనుకబడిన తరగతులలో సి వర్గముగా లెక్కింతురు; ఆ వర్గమునకు ప్రత్యేకింపబడినది నూటికి ఒక పాలు. ఈ సమస్యను పరిశీలించుటకు న్యాయమూర్తి కె. జి. బాలకృష్ణన్ అధ్యక్షతన 2022లో కేంద్రము ఒక సంఘమును నియమించినది. చట్టపు వాదములు ఎట్లున్నను, వాడలో కులము మతముతోపాటు మారదని చెప్పుటకు సంఘము అక్కరలేదు. బాప్తిస్మము తీసికొన్న మరునాడును వాని ఇల్లు ఊరిచివరనే యున్నది.

కనుక పదియవ తరగతి ముగించిన కుఱ్ఱవాని ఇంట ఈ తర్కము బయలుదేరును. బడి రిజిస్టరులో ఒక పేరు, చర్చి రిజిస్టరులో మరియొక పేరు ఉండుట ఈ సీమలో అపురూపము కాదు. గడిలో తాతల కులము వ్రాసి మతము మాట మాటుపరచినచో వసతిగృహము, ఉపకారవేతనము, రేపు ఒక ఉద్యోగము. ఉన్నది ఉన్నట్లు వ్రాసినచో నూటికి ఒక పాలులో పోటీ. నిజము చెప్పుటయే దైవచిత్తమని సంఘపెద్ద యనుట సులభము. అతని కొడుకు చదువు ముగిసియుండును. అందరును అట్లే వ్రాయుచున్నారని పొరుగువాడనుట ఇంకను సులభము. ఆకలిగొన్నవానిచేత ఒట్టు పెట్టించుకొనరాదని తలచిన క్లౌ, ఈ ఇంటి అరుగుమీద కూర్చున్నచో కుఱ్ఱవాని నేమనునో కాని, అట్టి గడిని గీచినవారిని ముందుగా ప్రశ్నించియుండును. ఏ దారిలో తాను మంచివాడగును, ఏ దారిలో పరులకు మేలగును అని వెస్లీ చెప్పిన తూకము ఇచ్చట రెండు వైపులకును మొగ్గును. అబద్ధమాడి చదివినవాడు రేపు తన వాడకు ఉపయోగపడవచ్చును. నిజము చెప్పి చదువు మానినవాడు జామతోటలో కూలికి పోవచ్చును. ఈ తల్లిదండ్రులకు భక్తి చాలలేదని నిందించుట న్యాయము కాదు. చిత్తమనుటకు ముందు గిన్నె తొలగిపోవలెనని అడుగు హక్కు వారికిని కలదు. ఆ మనవిని ప్రార్థనలోనే కాక ప్రభుత్వపు ముంగిటను వినిపించు హక్కు కూడ కలదు. ఇన్ని దశాబ్దములుగా దళిత క్రైస్తవులు వినిపించుచున్నది ఆ మనవినే.

జనవరి తొలి దినములలో కోహీరు వీథులలో జామబుట్టలు తెల్లవారకమునుపే కదలును. మీసేవా కేంద్రము తలుపు తెఱచుటకు ఇంకను చాల ప్రొద్దుండును. అట్టి ఒక ఇంట తల్లి చద్దిమూట కట్టుచుండును. కొడుకు ధరఖాస్తులో పేరు, ఊరు, పుట్టినతేది అన్నియు నింపి, ఒక్క గడివద్ద కలము నిలిపి తండ్రి ముఖము చూచును. క్రొత్త సంవత్సరపు కార్డు గోడమీద మేకునకు వ్రేలాడుచుండును. తండ్రి దానివైపు ఒకమారు చూచి, కండువా భుజమున వేసికొని లేచును.

'ఆ కాయితం మడిచి పట్టు బిడ్డా. తొవ్వల మాట్లాడుకుందాం.'